వసారాలో మంచం

1991 వేసవిలో మా పెద్దమ్మ మంచాన్ని నడింట్లోంచి వసారాలోకి మార్చాం. నాలుగు కోళ్లకి నలుగురం. తల వైపు ఎడమ కోడు నాది. గురజాలకి ఏడెనిమిది కిలోమీటర్ల దూరాన పల్లె. పాతకాలపు టేకు మంచం కాబట్టి బరువుగానే ఉంది గానీ, దాని మీది మనిషికి బరువంటూ ఏమీ మిగల్లేదు. "గడపకి తగలనీబాకండ్రా" అని లోపల్నుంచి ఎవరో హెచ్చరిస్తున్నారు. పెద్దమ్మకి అంతా తెలుస్తూనే ఉంది. ఎడమ దవడ పుండై లోపల్నుంచి బయటికి చిల్లు పడింది, మాట పెగలదు. చెయ్యెత్తి నడింటి దూలం చూపించింది. ఆమె కాపరానికొచ్చిన ఏడు మా పెదనాన్న ఎక్కించిన దూలం అది. ఆ చూపుకి అర్థమేంటో మా నలుగురికీ తెలుసు. ఎవరం నోరు మెదపలేదు.

నేనప్పుడు సర్కారు ఆసుపత్రిలో కాంపౌండర్ని. కాగితాల్లో ఫార్మసిస్టు గ్రేడ్-2. 1982లో చేరి 2017లో దిగిపోయేదాకా పల్నాటి ఊళ్లలోనే తిరిగాను. ఊళ్లోవాళ్లకి కాంపౌండరు గారిని, మా పెద్దమ్మకి సూదులబ్బాయిని. అంతకు మూణ్నెల్ల ముందు ఆమెని గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, నోట్లోకి లైటు వేసి చూసి, "ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైంది పెట్టండి" అన్నారు. రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరవలేని మనిషికి ఇష్టమైంది ఏం పెడతాం? పల్చటి జొన్న జావ, గొంతులోకి చెంచాతో.

ఆ "ఇష్టమైంది పెట్టండి" తెలియని ఇల్లు మా వైపు ఉండదు. వైద్యం అక్కడితో చేతులు కడుక్కుంటుంది. మనిషి మాత్రం ఇంకో నెలో మూణ్నెల్లో ఆర్నెల్లో ఉంటుంది. పల్నాటి చరిత్ర అంటే కత్తులూ కోడిపందెమూ చాపకూడూ అని అందరూ చెబుతారు. కారెంపూడిలో వీరుల గుడి ఉంది, కార్తీక అమావాస్య వేళ అయిదు రోజులు ఆరాధన జరుగుతుంది, పల్నాటి యుద్ధంలో పడ్డవాళ్లని ఒక్కొక్కర్నీ పేరుపేరునా పాడతారు. మంచాన పడి పోయినవాళ్లని పాడినవాడు నాకు కనపడలేదు. ముప్పై అయిదేళ్లు మందులు లెక్కపెట్టినవాణ్ని కాబట్టి, ఆ మంచం చుట్టూ ఏం జరుగుతూ వచ్చిందో నాకు తెలిసినంత రాస్తాను.

ముందు ఆ వసారా సంగతి. ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో ప్రాణం పోతే ధనిష్ఠా పంచకం అంటారు. అవి కాక ఇంకొన్ని నక్షత్రాలకీ దోషముంది. దేనికి ఎన్నాళ్లో పంచాంగం తిప్పి అయ్యగారు చెబుతారు: మూణ్నెల్లు, ఆర్నెల్లు. అన్నాళ్లూ ఆ ఇల్లు పాడుపెట్టాలి. తలుపుకి తాళం, వాకిట్లో కంప. ఉన్నది ఒక్క ఇల్లయిన రైతు పిల్లల్నీ గొడ్డూగోదనీ వేసుకుని ఎక్కడికి పోతాడు? అందుకని ముందే మంచం గడప దాటించేవాళ్లు. వసారా ఉన్నవాళ్లు వసారాలోకి, లేనివాళ్లు గొడ్ల చావిట్లోకి, అదీ లేనివాళ్లు వాకిట్లో వేసిన తాటాకు పందిట్లోకి. మరీ దగ్గర పడ్డాక మంచం మీంచి కూడా కిందికి దించుతారు, మంచం మీద ప్రాణం పోకూడదని. క్యాన్సరు ఎముకల్లోకి పాకిన మనిషిని రెండు చంకల కింద చేతులేసి ఎత్తి చాప మీద పెడితే ఏమవుతుందో నేను విన్నాను. ఆ అరుపుని బంధువులు "జీవుడు కొట్టుకుంటున్నాడు" అనుకుంటారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఆచారమంటే నాకు ఒళ్లు మండేది. ఊళ్లో వాదించి తిట్లు తిన్నాను. పోనుపోను ఆ కోపం పూర్తిగా నిలబడలేదు. వసారాలో గాలి ఆడుతుంది, పుండు వాసన నాలుగ్గోడల మధ్య కూరుకుపోదు. దోవన పోయేవాడు ఆగి అరుగు మీద కూలబడి, "ఎట్టుందమ్మా" అని ఒక మాటంటాడు. పెద్దమ్మ దగ్గరికి రోజుకి ఇరవై ముప్పై మంది వచ్చేవాళ్లు. మిరప కోతల కూలి లెక్కలు ఆమె మంచం పక్కనే కూర్చుని తేల్చుకునేవాళ్లు. ఒకసారి లెక్క తప్పితే ఆమె వేళ్లతో సరి చేసింది. ఇప్పుడు ఐసీయూ అద్దానికి ముక్కు ఆనించి నిలబడే కొడుకుల్ని చూస్తుంటే, ఆ గొడ్ల చావిడి మీద నాకున్న కోపం సగానికి దిగుతుంది. మిగతా సగం అట్లాగే ఉంది.

మంచం చుట్టూ మనుషులకి మా వైపు ఎప్పుడూ కొదవ లేదు. నీళ్లకే కరువు. పల్నాటి ఎండల్నీ జొన్నకూటినీ నీళ్లు లేకపోవడాన్నీ శ్రీనాథుడు వెక్కిరించి పోయాడు. ఆయన వెక్కిరింత మాకు ఇప్పటికీ నోటికొచ్చు. అట్లాంటి నేల మీద ఆఖరి గుక్కకి ఉన్న విలువ వేరు. హిందువుల ఇళ్లలో తులసి తీర్థం. రెంటచింతల వైపు కతోలికుల ఇళ్లలో గురువుగారు వచ్చి అవస్థ అభ్యంగనం చేసి నుదుటికీ అరచేతులకీ నూనె రాస్తారు. మాచర్ల, నరసరావుపేట ముస్లిముల ఇళ్లలో పక్కన కూర్చుని యాసీన్ చదువుతూ, హజ్ నుంచి ఎవరో తెచ్చి దాచిన జంజం నీళ్లు నాలుక మీద చుక్క వేస్తారు. ముగ్గురి ఇళ్లలోనూ చెంచా ఒకటే. తడిపేదీ ఆ ఎండిన పెదాలనే.

ఆ గుక్క ఇవ్వకపోతే పల్నాడు మర్చిపోదు. 1922 ఫిబ్రవరి 22న మించాలపాడులో కన్నెగంటి హనుమంతుని పోలీసులు కాల్చారు. అడివిలో గొడ్లు మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే ఎదురు తిరిగిన మనిషి. ప్రాణం వెంటనే పోలేదనీ, గంటల తరబడి నేల మీద పడి మంచినీళ్లు అడిగాడనీ, తెచ్చినవాళ్లని దగ్గరికి రానివ్వలేదనీ మా వైపు చెప్పుకుంటారు. తగిలిన గుళ్లెన్నో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు గానీ, నీళ్ల దగ్గరికొచ్చేసరికి అందరి మాటా ఒకటే. దుర్గిలో పనిచేసినప్పుడు ఒక ముసలాయన నాకు ఆ కథ చెబుతూ తుపాకుల దగ్గర ఆగలేదు. నీళ్ల దగ్గర ఆగి కళ్లు తుడుచుకున్నాడు.

మందు మాటకొస్తే, రోగికంటూ ఒక చోటు పెట్టడం ఈ నేలకి కొత్తేం కాదు. మాచర్ల దగ్గర నాగార్జునకొండ ఇక్ష్వాకుల విజయపురి. సాగర్ నీళ్లలో మునిగిపోకముందు 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి తీశారు. అక్కడి మూడో శతాబ్దపు శాసనాల్లో జ్వరం రోగుల కోసం పెట్టిన "విగత జ్వరాలయం" ప్రస్తావన ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువుని బుద్ధుడూ ఆనందుడూ కలిసి కడిగి మంచం మీదికి చేర్చారని వినయపిటకంలో ఒక కథ. ఆ కథ తెలిసిన భిక్షువులే ఆ లోయలో ఉండి ఉంటారు. ఇక పాత గుంటూరు జిల్లాలోనే, కృష్ణ ఒడ్డున మందడం పక్కనున్న మల్కాపురంలో 1261 నాటి రుద్రమదేవి కాలపు శాసనం: విశ్వేశ్వర శివాచార్యులు ఊళ్ల రాబడిలో ఒక వాటా ప్రసూతిశాలకీ ఆరోగ్యశాలకీ అన్నసత్రానికీ కేటాయించాడు. ఒక వైద్యుణ్నీ ఒక కాయస్థుణ్నీ కూడా నియమించాడు. కాయస్థుడంటే లెక్కలు రాసేవాడు. డాక్టరు పక్కన రిజిస్టరు పట్టుకున్న మనిషి ఆనాటి నుంచీ ఉన్నాడన్నమాట. చదివినప్పుడు నవ్వొచ్చింది.

మా గురజాలకి ఇంగ్లీషు మందు తెచ్చిన మొదటివాళ్లలో హయ్యరు గారొకరు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్, జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ లూథరన్ మిషనరీ. 1842లో గుంటూరు వచ్చాడు. నాలుగేళ్లు తిరక్కుండా వెనక్కి పోయి, బాల్టిమోరులో వైద్యం చదువుకుని, యాభై దాటిన వయసులో 1848లో మళ్లీ వచ్చాడు. ఆ మరుసటేడే గురజాలలో మకాం పెట్టాడు. మత ప్రచారానికి వచ్చిన మనిషి ఆ వయసులో మందుల చదువు ఎందుకు చదివాడో, ఈ ఊళ్లలో ఒక్క వేసవి గడిపిన ఎవరికైనా తెలుస్తుంది. ఆయన పెట్టెలో ఏమేం ఉండేవో నేను చూడలేదు గానీ, ఆ కాలంలో లాడనం లేని డాక్టరు పెట్టె ఉండేది కాదు. లాడనమంటే సారాయిలో నాననిచ్చిన నల్లమందు.

నల్లమందు మా ఇళ్లకి హయ్యరు గారి కంటే పాత చుట్టం. గసగసాల కాయకి గాటు పెడితే కారే పాలు ఎండి నల్లబడితే అదే. మా నాయనమ్మకి ఒక ఇత్తడి భరిణె ఉండేది. నాకు ఊహ తెలిసేనాటికి భరిణె ఉంది, దాన్లో వాసన ఉంది, మందు లేదు. కీళ్ల నెప్పులకి మా తాత మినపగింజంత వేసుకునేవాడట. నెత్తుటి విరేచనాలకి ఇచ్చేవాళ్లు. మంచాన పడ్డవాళ్లకి, "ఇంక లాభం లేదు" అనుకున్నాక, పొద్దునా రాత్రీ. దాని చెడ్డా చూశారు. కూలికి పోతూ చంటిపిల్లకి చనుమొన మీద రాసి పడుకోబెట్టిన తల్లులున్నారు, ఆ నిద్రలోంచి లేవని పిల్లలూ ఉన్నారు. తిని తిని అరుగు మీదే ఎండిపోయిన మగాళ్లూ ఉన్నారు. తెల్లవాళ్ల ప్రభుత్వం 1878 చట్టంతో దాన్ని లైసెన్సు కొట్లలో పెట్టి పన్ను తిన్నది. స్వాతంత్ర్యం వచ్చాక అమ్మకం ఏడాదికింతని తగ్గించుకుంటూ 1959 నాటికి వైద్యానికి తప్ప తినడానికి అమ్మకుండా చెయ్యాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం తప్పని నేననను. భరిణె ఖాళీ అయింది. మరి భరిణెలో ఉన్నది దేనికి వాడేవాళ్లో ఆ పని ఎవరు చెయ్యాలి? దానికి జవాబు ఆసుపత్రి బీరువాలో ఉండాలి.

ఉంది కూడా. 1800ల మొదట్లో జర్మనీలో సెర్టూర్నర్ అని మందులకొట్టులో పనిచేసే కుర్రాడు నల్లమందులోంచి ఒక తెల్లపొడి వేరు చేసి, గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు దానికి పెట్టాడు. వాడూ కాంపౌండరే, మా జాతి వాడు. ఆ మార్ఫిన్ మా బీరువాలో ఉండేది. 1985 నవంబరు 14 నుంచి మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. దొంగ వ్యాపారాన్ని అణచాలని తెచ్చిన చట్టం. తప్పు చేస్తే పదేళ్లకి తగ్గకుండా జైలు. దొంగలు ఎంత భయపడ్డారో తెలీదు గానీ ఆసుపత్రులు మాత్రం బాగా భయపడ్డాయి. మార్ఫిన్ తెప్పించాలంటే నాలుగైదు లైసెన్సులు కావాలి. అన్నీ ఒకే సమయంలో గడువులో ఉండాలి. ఒకటి వచ్చేసరికి ఇంకోటి తీరిపోయేది. 1997 నాటికి మన దేశం మొత్తం మీద వైద్యానికి వాడిన మార్ఫిన్ ఏడాదికి 18 కిలోలకి దిగింది. పన్నెండేళ్లలో నూటికి తొంభై ఏడు వంతులు తగ్గిపోయింది. అదే దేశం ఘాజీపూర్‌లో, నీమచ్‌లో నల్లమందు శుద్ధి చేసి పైదేశాల మందుల కంపెనీలకి అమ్ముతూనే ఉంది.

మా పెద్దమ్మ వసారాలో ఉన్న ఆ నెలలో నేను పనిచేసే చోట రెండు తాళాల చెక్క బీరువాలో పది ఆంపూళ్లు ఉన్నాయి. ఒక తాళం చెవి నా దగ్గర, ఒకటి డాక్టరు దగ్గర. వాడిన ప్రతి ఆంపూలుకీ రోగి పేరు, తేదీ, టైము, సంతకం రాసి, ఖాళీ గాజుముక్క కూడా దాచాలి. డాక్టరు గారిని అడిగాను. ఆయన చెడ్డవాడేం కాదు, కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. "ఇంటికి పంపితే రేపు లెక్కెవరు చెబుతారయ్యా? నీ ఉద్యోగం, నా ఉద్యోగం" అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే మిగతాదంతా రాసి దండగ. రెండు నెలలకి ఆ పది ఆంపూళ్లకీ గడువు దాటింది. ఇద్దరు సాక్షుల ముందు పగలగొట్టి కాగితం రాసి సంతకాలు చేశాం. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

నేను చెయ్యగలిగింది సాయంత్రం సైకిలేసుకుని పోయి ఫోర్ట్‌విన్, ఫెనర్‌గన్ కలిపి సూది వెయ్యడం. మూడు గంటలు కునుకు పట్టేది. తరవాత అర్ధరాత్రి మొదలు మళ్లీ సాయంత్రం నా సైకిలు గంట వినపడేదాకా ఏమీ లేదు. పెద్దమ్మ ఆ గంట కోసం చూసేదని మా వదిన చెప్పింది. దోవన పోయే ప్రతి సైకిలుకీ తల తిప్పేదట.

ఇంకోటి. పుండులో పురుగులు పడ్డాయి. టర్పెంటైన్ నూనెలో ముంచిన దూది పెడితే పురుగులు పైకి తేలతాయి, చిన్న పటకారుతో ఏరెయ్యొచ్చు. అది నాకు తెలుసు, చేశాను. వాసన సంగతి తెలీదు. వేపాకు పొగ వేశాం, సాంబ్రాణి వేశాం. ఆమె అందరికీ దూరంగా గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. చాలా ఏళ్ల తరవాత ఒక శిక్షణలో విన్నాను: మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి పుండు మీద చల్లితే రెండు మూడు రోజుల్లో వాసన దిగుతుంది. మెట్రోనిడజోల్! విరేచనాలొచ్చిన ప్రతివాడికీ చీటీ చూడకుండా ఇచ్చే మాత్ర. 1991లో నా స్టోరులో వెయ్యేసి మాత్రల డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. శిక్షణలో నా పక్కన కూర్చున్న నర్సమ్మ "ఏంటి సార్ అట్లా అయ్యారు" అంది. "ఏం లేదమ్మా" అన్నాను.

పల్నాటికి సాగర్ నీళ్లొచ్చింది 1967లో. ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్లు వదిలింది. నాకు పదేళ్లు. మా నాన్న చెయ్యి పట్టుకుని కాలువ గట్టుకి పోయాను. ఎర్రమట్టి నీళ్లలోకి ఆడవాళ్లు పసుపూ కుంకుమా చల్లారు. సరిగ్గా ఆ ముందు నెలలోనే లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరమ్మ చావు దగ్గర పడ్డవాళ్ల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఆమె ముందు నర్సు, నడుం నొప్పితో ఆ పని మానుకుని సోషల్ వర్కరయింది, ఆ తరవాత డాక్టరయింది. ఆమె చెప్పిన వాటిలో నాలాంటివాడికి ముఖ్యమైనవి రెండు. ఒకటి: నొప్పి మందు అరుపు విని ఇవ్వకూడదు, గడియారం చూసి ఇవ్వాలి. మార్ఫిన్ సూదే అక్కర్లేదు, నోటి ద్వారా నాలుగు గంటలకోసారి ఇస్తే చాలు. పాత మోతాదు పట్టు తగ్గే లోపే కొత్త మోతాదు పడితే మనిషి ఎదురుచూడడు. ఎదురు చూడనివాడికి మందు మీద యావ పెరగదు. రెండోది: నొప్పి పుండులోదే కాదని. మా పెద్దమ్మ నొప్పిలో మిరప పెట్టుబడి అప్పు ఉంది, పెళ్లి కావలసిన చిన్నకూతురుంది, ఆ దూలం ఉంది.

పాలియేటివ్ కేర్ అనే ఈ వైద్యం మన దేశంలో కాలు పెట్టడానికి 1986 దాకా పట్టింది, ముంబైలో శాంతి అవేదన సదన్‌తో. 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ వాళ్లు ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన సొసైటీ కేరళ ఊళ్లకి పాకింది. అక్కడ ఊరివాళ్లే వంతులేసుకుని మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకి పోతారు. 2008లో ఆ రాష్ట్రం దాన్ని సర్కారు విధానంగానే చేసింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ పాలియేటివ్ విభాగం నిలబెట్టింది. 2011లో బంజారాహిల్స్‌లో స్పర్శ్ హాస్పిస్ వచ్చింది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఇప్పుడు నాలుగైదు చోట్ల తిరిగే పని లేదు, రాష్ట్ర డ్రగ్ కంట్రోలరు దగ్గర ఒక్క అనుమతి చాలు. చట్టం మారింది గానీ రెండు తాళాల బీరువా దగ్గర పెరిగిన నాలాంటివాళ్ల చేతులు అంత తొందరగా మారలేదు. మార్ఫిన్ పేరెత్తితే ఇప్పటికీ "అది అలవాటవుతుంది కదండీ" అనే డాక్టర్లున్నారు. నెలలో పోయే మనిషికి అలవాటయితే ఏంటంట?

ఈలోగా మా వైపు చావు దోవ మార్చుకుంది. నూట ఎనిమిది బండ్లొచ్చాయి, ఆరోగ్యశ్రీ వచ్చింది, గుంటూరు దగ్గరైంది. మంచిదే. వాటితో పాటే వెంటిలేటరూ వచ్చింది. అరెకరం అమ్ముకుని వారం రోజులు ఉంచి, ఇంక లాభం లేదని చెప్పాక, అంబులెన్సులో గాలి బుడ్డి నొక్కుకుంటూ సత్తెనపల్లి మీదుగా ఇంటికి తెస్తారు. ఇంటి ముందు ఆగాక బుడ్డి నొక్కడం ఆపుతారు. "ఇంటికొచ్చాకే పోయాడు" అని చెప్పుకోవచ్చు. గడప బయటా లోపలా అన్న పాత లెక్క ఇప్పుడు ఇట్లా తేలుతోంది. నరసరావుపేటలో అద్దె కొంపల్లో ఉండేవాళ్ల పని ఇంకా కష్టం. ఇంటాయన మర్యాదగానే వచ్చి, "ఏమనుకోకండి, ఇక్కడ మాత్రం జరగనివ్వకండి" అని పోతాడు. అపార్ట్‌మెంటుకి వసారా లేదు, అరుగు లేదు. హాస్పిస్ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లకి కట్టింది ఊరందరికీ కలిపి కట్టిన ఒక పెద్ద వసారా. పక్కన తాళం తీసే మనిషి ఉన్న బీరువా.

మా పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రమంతటికీ ఫ్యామిలీ డాక్టర్ పథకం మొదలుపెట్టింది కూడా మా జిల్లాలోనే, చిలకలూరిపేట మండలం లింగంగుంట్లలో. మంచాన ఉన్నవాళ్ల ఇంటికే డాక్టరు పోయి చూడాలన్న నియమం దాన్లో పెట్టారు. అది చదివి ఆ రోజు ఒక స్వీటు తిన్నాను, షుగరున్నా. 2024 జులై నుంచి పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి నెలకి 15,000 పింఛను వస్తోంది. పదిహేను వేలొచ్చే మంచానికి దుప్పట్లు తరచుగా మారుతున్నాయి. నవ్వితే నవ్వండి గానీ, దుప్పటి మారితే వీపు పుండ్లు పడవు.

మొన్న వేసవిలో రెంటచింతల దగ్గర ఒక ఊరు పోయాను. నా చిన్నప్పటి స్నేహితుడి అక్కకి క్యాన్సరు. నాలిక మీద మొదలై మెడ గ్రంథులకి పాకింది. కొడుకు ఆటో తోలతాడు. నెలకోసారి మాచర్లలో హైదరాబాదు బస్సెక్కి, మార్ఫిన్ మాత్రలు రాయించుకుని మర్నాటికి తిరిగొస్తాడు. పది మిల్లీగ్రాముల మాత్ర. గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు: 6, 10, 2, 6, 10. చివరి పది పక్కన రెండు గీతలు, అంటే రాత్రి పడుకోబోయే ముందు రెండు మాత్రలు, తెల్లవార్లూ లేపక్కర్లేకుండా. విరేచనం మందు ఇచ్చారా అని ముందు అదడిగాను. మార్ఫిన్ రాసి అది రాయడం మర్చిపోతే మనిషి ఇంకో నరకంలో పడుతుంది. ఇచ్చారు. సెల్‌ఫోన్లో రెండింటి అలారం మోగింది. వాడు ఆటో స్టాండు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి మాత్ర నూరి చెంచాడు నీళ్లలో కలిపి తల్లికి పట్టాడు. ఆమె మింగి, కాసేపాగి, ముద్దముద్దగా మాట్లాడింది.

"ఏం మందు తమ్ముడూ ఇది?"

"నల్లమందేనక్కా. తెల్లగా చేశారు."

"మా తాత తినేవాడే, అదా?"

"అదే."

కొంచెంసేపు ఇంటి కప్పు వైపు చూసింది. "మరి నువ్వు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఇయ్యలేదేం?"

ఏం చెప్పాలో తోచలేదు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను తిరగడం మెల్లగా ఆగింది. రెంటచింతల ఎండ, కిటికీ రేకు కాలుతోంది. మంచం వసారాలోకి జరపమంది అక్క. కొడుకు కదల్లేదు. నా మొహంలోకి చూసి, మళ్లీ తల్లికేసి చూశాడు. ఊళ్లో పుట్టినవాడు, వసారా అంటే ఏంటో వాడికి తెలుసు.

"ఉక్క పోస్తందిరా" అంది ఆమె విసుగ్గా.

ఇద్దరం చెరో వైపు పట్టాం.